నేను దిద్దిన మాట

జోఫియక్క గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మా ఊళ్ళో ఆమె సంగతి ఎత్తితే రెండు ముక్కల్లో తేల్చేస్తారు. గసగసాల రొట్టె బాగా చేసేది, కూతురు పోయింది. అంతే! డెబ్భై ఒక్క ఏళ్ళు బతికిన మనిషికి రెండు ముక్కలు. ఆ రెండింటికీ మధ్య ఏముండేదో నాకు తెలుసు. తెలియడమే కాదు, దాన్ని పాడుచేసింది నేనే. అందుకని రాస్తున్నాను.

నా పేరు యుదిత. బనాట్ ప్రాంతంలోని ఈ స్లోవాక్ ఊళ్ళో నలభై ఏళ్ళు పిల్లలకు మా భాష నేర్పాను. ఊళ్ళో సగం మంది నా చేత ఎర్రసిరా గీతలు పడ్డవాళ్ళే. కమ్యూనిస్టు యుగోస్లావియాలో బడి పంతులమ్మ చర్చి మెట్లెక్కితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజులవి. అమ్మ పోతే కూడా శ్మశానం గేటు బయటే నిలబడి ఏడ్చాను. 1986లో ఒక గురువారం నా పింఛను కాగితం వచ్చింది. ఆ ఆదివారం చర్చిలో ఉన్నాను.

మా ఆడవాళ్ళు ఊరుకుంటారా? గుమ్మంలోనే మిలినత్త అందుకుంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, పది లోపావడాల మీద ఇంకో పావడా కట్టి గుమ్మమంతా తానే అయి నిలబడింది.

"చూశారటే, టీచరమ్మకి పింఛనుతో పాటు దేవుడు కూడా మంజూరయ్యాడు!"

అందరూ కిసుక్కుమన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా చర్చిలో ఆడవాళ్ళు ఎడమవైపు కూర్చుంటారు. ఎవరి చోటు వాళ్ళది. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వస్తుంది. నలభై ఏళ్ళు రానిదాన్ని, నాకు చోటెక్కడిది? వెనక బడిపిల్లల పక్కన కూలబడబోయాను. అప్పుడు ఐదో బల్ల నుంచి ఒకామె తల తిప్పి, పావడా మడతలు దగ్గరకు లాక్కుని జరిగింది.

"ఇటు రా, యుదితా. ఇది మా బెత్కా చోటు. ఇరవై ఆరేళ్ళుగా ఖాళీగానే ఉంది. కూర్చో."

ఆమె జోఫియక్క. బెత్కా నా దగ్గరే చదువుకుంది. పందొమ్మిదేళ్ళకు పోయింది. ఆ చోట్లో నేను కూర్చున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగితే పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఆదివారాలు వింటూ కూర్చుంటే నాకు చిరాకు మొదలైంది. మా చర్చిలో బైబిలు మా భాషలో ఉండదు. తాతముత్తాతల నాటి పాత చెక్ భాషలో ఉంటుంది. చెక్ భాష మా స్లోవాక్‌కి దాయాదిలాంటిది, మాటలు చాలావరకు ఒకేలా వినిపిస్తాయి. కొన్ని ఒకేలా వినిపించి వేరే అర్థం ఇస్తాయి. చిక్కంతా వాటితోనే. మా ఆడవాళ్ళు ఆ భాషలోనే పాడతారు, ఆ భాషలోనే ఆమెన్ అంటారు. ఆరాధన అయ్యాక నేను మిలినత్తను అడిగాను.

"ఏం చెప్పారత్తా పాస్టరుగారు ఇవాళ?"

"మంచిమాటలే చెప్పారమ్మా."

"ఏ మంచిమాటలు?"

"అవన్నీ నన్నడిగితే? మంచిమాటలంటే మంచిమాటలే!"

అప్పుడే నాలో పంతులమ్మ లేచి కూర్చుంది. ఆడవాళ్ళకొక కూటం పెట్టాలి, వారానికోసారి అర్థం తెలిసి వాక్యం చదవాలి, పుస్తకం లేకుండా సొంత మాటల్లో ప్రార్థన చేయడం రావాలి. పాస్టరు ఒండ్రెయ్ కుర్రవాడు. వినగానే ముఖం వెలిగింది. మరు నిమిషంలో సంఘపెద్ద మిషో గుర్తొచ్చి ఆ వెలుగు ఆరిపోయింది.

మిషోకి మీసాలు దువ్వుకోవడం ఒక పని. అవి దువ్వుకుంటూ అన్నాడు.

"ఆడవాళ్ళు నలుగురు కూడితే వాక్యం ఎక్కడుంటుంది టీచరమ్మా? ఊళ్ళోవాళ్ళ భాగోతాలే ఉంటాయి."

"మిషో, ఆరో తరగతిలో ఫుల్‌స్టాప్ ఎక్కడ పెట్టాలో తెలీక రెండేళ్ళు కూర్చున్నావు, గుర్తుందా? ఇప్పుడూ తెలీట్లేదు. ఇక్కడ పెట్టు."

పాస్టరు దగ్గు నటించాడు. అలా అనుమతి వచ్చింది.

నవంబరులో మొదలుపెట్టాం. మొక్కజొన్న కోతలైపోయి, పందికోతలు ఇంకా మొదలవని రోజులు. గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు, పాస్టరుగారింటి పక్క గది. పొద్దున్నే వెళ్ళి మొక్కజొన్న బెండ్లతో పొయ్యి రాజేశాను. పన్నెండు కుర్చీలు గుండ్రంగా వేశాను. రెండున్నరకి జోఫియక్క వచ్చింది, గసగసాల రొట్టె పళ్ళెంతో. మూడింటికీ మేమిద్దరమే. పది ఖాళీ కుర్చీల ముందు నా ముఖం ఎలా ఉందో గాని, ఆమె రొట్టె ముక్క నా చేతిలో పెట్టింది.

"నువ్వు తప్పు చేశావు."

"ఏం తప్పు?"

"చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోమన్నావు. చలికాలం, పట్టపగలు, ఉట్టి చేతులా? వాళ్ళ అత్తలు సమాధుల్లోంచి లేచొస్తారు. ఈకలు తెచ్చుకోమను."

మా ఊళ్ళో చలికాలం అంటే ఈకలు దూసే కాలం. బాతు ఈకల కాడల నుంచి మెత్తటి భాగం దూసి దుప్పట్లలో కూరుతారు. ఇరుగుపొరుగు ఒకచోట చేరి దూస్తారు. నలభై ఏళ్ళు పుస్తకాల్లో తలదూర్చినదాన్ని, నాకీ ఊహ రాలేదు. మరుసటి గురువారం ఎనిమిది మంది వచ్చారు, ఎనిమిది సంచులతో. ఈ కూటం నేను పెట్టానని అందరూ అంటారు. నిజానికి పెట్టింది జోఫియక్క.

ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పాస్టరుగారు తలుపు తీశారంటే చాలు, గాలికి ఈకలన్నీ లేచి మా నోళ్ళలోకి, పొయ్యిలోకి. "మూయండి మూయండి!" అని అరుపులు. సొంత మాటల్లో ప్రార్థన అనేసరికి వణికిపోయారు.

"పుస్తకం లేకుండానా? నోటికొచ్చినట్టా?" అని మిలినత్త గుండెమీద చెయ్యేసుకుంది.

"నీకు చెప్పాలనిపించింది చెప్పు అత్తా. ఆయన వింటాడు."

మిలినత్త కళ్ళు గట్టిగా మూసుకుంది. "ప్రభువా, నేను మిలినాని. ముప్ఫై రెండో నంబరు ఇల్లు. పచ్చ గేటు." అక్కడ ఆగి ఒక కన్ను తెరిచింది. "ఇంతకన్నా ఏం చెప్పాలే? ఇల్లు తెలిస్తే తర్వాత ఆయనే వస్తాడుగా." నవ్వలేక చచ్చాం.

జోఫియక్క ప్రార్థన ఎప్పుడూ ఒకటే. "ప్రభువా, నువ్వు చెప్పిన మాట మీద నేను నిలబడే ఉన్నాను. ఆమెన్." ఏ మాటో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడగడం నా పని, మరి అడగలేదు.

జనవరిలో కొండమీది ప్రసంగానికి వచ్చాం. తలా ఒక వచనం చదవడం మా పద్ధతి. చదివినావిడ అర్థం చెప్పాలి, తప్పైతే నేను దిద్దుతాను. పుస్తకం చేతులు మారుతూ జోఫియక్క దగ్గరకొచ్చింది. ఆమె దూస్తున్న ఈక ఒళ్ళో పెట్టి, చేతులు పావడాకి తుడుచుకుంది. పుస్తకంలోకి చూడనే లేదు.

"ఆత్మలో ఖుదీలైనవాళ్ళు ధన్యులు, పరలోకరాజ్యం వాళ్ళది."

గొంతు ఎంత స్థిరంగా ఉందో! ఆమె ముఖం అంత నిండుగా నేనెప్పుడూ చూడలేదు. మా వీధుల్లో ఖుదీ అంటే సన్నగా ఉన్నవాడు, బక్కచిక్కినవాడు. బక్క ఆవునీ అంటాం, బక్క పిల్లనీ అంటాం.

"అర్థం చెప్పక్కా," అన్నాను.

ఎప్పుడూ నోరు విప్పని మనిషి విప్పింది. "ఏముంది. ఒంట్లో మాంసం కరిగిపోయి, లోపల ప్రాణం కూడా సన్నబడిపోయి, ఇక గాలికే ఎగిరిపోయేట్టు ఉంటారే, వాళ్ళు. లోకం వాళ్ళని చూసి నవ్వుతుంది. ప్రభువేమో అందరికన్నా ముందు వాళ్ళ పేరే చెప్పాడు. మొదటి మాటే వాళ్ళది."

ఈకలు దూసే చేతులన్నీ ఆగాయి. ఒక్క క్షణం ఆగి ఉంటే ఏం పోయేది నాకు? ఆగలేదు. దేవుడు నా నోటికి తాళం వెయ్యడం మర్చిపోయాడు.

"అయ్యో, కాదక్కా కాదు! అది చెక్ మాట! వాళ్ళ ఖుదీ వేరు, మన ఖుదీ వేరు. మనకి సన్నం, వాళ్ళకి పేద. 'పేదలైనవాళ్ళు' అని! సన్నం, లావు ఏమీ లేదందులో. చూశారా, ఇన్నేళ్ళుగా తప్పు అర్థంతో చదువుతున్నాం! అందుకే కదా నేనీ కూటం పెట్టింది!"

మిలినత్త తొడ చరుచుకుంది. "హమ్మయ్య! అయితే నాకూ చోటుందన్నమాట పరలోకంలో! ఇన్నాళ్ళూ నా ఒళ్ళు చూసుకుని బెంగపడి చచ్చాను కదే!"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

"ఓహో, పేదలా," అంది జోఫియక్క. ఈక మళ్ళీ చేతిలోకి తీసుకుంది. సంచి ఖాళీ అయ్యేదాకా దూసింది. పళ్ళెం కడిగి, తుడిచి, శాలువా కింద పెట్టుకుని వెళ్ళింది.

తర్వాతి గురువారం రాలేదు. ఆపై గురువారమూ రాలేదు. ఆదివారం చర్చిలో నా పక్కనే కూర్చుంది, చలి ఎక్కువగా ఉందంది, అంతే. మోకాళ్ళ నొప్పేమో అనుకున్నాను. మూడో వారం ఆమె ఇంటికి వెళ్ళాను.

వంటింట్లో పిండి పలచగా ఒత్తి సేమ్యా కోస్తోంది. కత్తి ఆపలేదు.

"ఏమక్కా, మానేశావు? నీ రొట్టె లేక మిలినత్త అలిగింది."

"నాకక్కడేం పని యుదితా? చదివింది తప్పు చదివాను కదా."

"తప్పెవరైనా చదువుతారు! నేర్చుకోడానికేగా వచ్చేది."

ఆమె కత్తి పక్కన పెట్టింది. అప్పుడు చెప్పింది. సగం నాకు తెలిసినదే. బెత్కా ఎంత తిన్నా కడుపులో నిలిచేది కాదు. పాన్‌చెవోలో చూపించారు, బెల్‌గ్రేడ్‌లో చూపించారు, ఒకరు నరాలన్నారు, ఒకరు ఎదిగే వయసన్నారు. మా ఊళ్ళో పిల్ల అంటే నిండుగా, వెడల్పుగా ఉండాలి. అందుకని తల్లి నెలకో లోపావడా కుట్టింది. ఆరు కాస్తా ఏడు, ఏడు కాస్తా తొమ్మిది. చివరికి పదమూడు కట్టి చర్చికి పంపేది. ఆ బరువుకి పిల్ల నడవలేక గోడ పట్టుకునేది. పెళ్ళి కుదిరిన ఇంటి అత్తగారు ఒకరోజు వచ్చి, పలకరింపుగా పావడా అంచు పైకెత్తి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "మేం పిల్లని చేసుకుందామనుకున్నాం తల్లీ, బట్టల మూటని కాదు," అని వెళ్ళిపోయింది.

"అదీ కాదు నన్ను చంపింది," అంది జోఫియక్క. "'జోఫియా కూతురికి తిండి పెట్టదు' అన్నారు. నూతి దగ్గర అన్నారు, పిండిమర దగ్గర అన్నారు. చెంచాతో నోట్లో పెట్టేదాన్ని యుదితా. పసిపిల్లకి పెట్టినట్టు. అది నా కోసం మింగేది. తర్వాత బయటికెళ్ళి కక్కుకునేది, నాకు వినపడకుండా."

నేను బల్ల మీది పిండిని అరచేత్తో దగ్గరకు తుడిచాను.

"దాని అంత్యక్రియలకి నువ్వు రాలేదు."

"రాలేకపోయానక్కా. ఉద్యోగం..."

"తెలుసు. గేటు దగ్గర నిలబడ్డావు, చూశాను. లోపలికొచ్చి ఉంటే వినేదానివి. ముసలి పాస్టరుగారు పెట్టె వంక చూసి ఆ వచనం చదివారు. ఖుదీలు ధన్యులని. ఊరంతా ఉంది అక్కడ. నన్నన్న నోళ్ళన్నీ ఉన్నాయి. దేవుడు వాళ్ళందరి ముందూ నా బిడ్డ వైపు నిలబడ్డాడనుకున్నాను. ఆ మాట లేకపోతే ఆ రోజు నేను ఆ గోతి దగ్గర్నుంచి ఇంటికొచ్చేదాన్ని కాదు. వచ్చి ఆవు పాలు పితికాను. ఇరవై ఆరేళ్ళు పితికాను." కత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "దాని రాయి మీద కూడా అదే చెక్కించాను."

ఆ రాయి పక్కనుంచి నేను వందసార్లు నడిచి ఉంటాను. రాళ్ళన్నిటి మీదా ఏదో ఒక వాక్యం ఉంటుంది, ఎవరు ఆగి చదువుతారు?

"ఒక పని చేసిపెట్టు," అంది. "నాకు చదువు అంతంతే. అంత పెద్ద పుస్తకం కదా, అందులో సన్నగా ఉన్నవాళ్ళ గురించి ఎక్కడో ఒకచోట ఉండకపోదు. వెతికి చెప్పు. ఈసారి నిజంగా సన్నం అనే అర్థం ఉండాలి."

వెతికాను. పరీక్ష పేపర్లు కూడా అంత శ్రద్ధగా దిద్దలేదు నేను. ఆదికాండం నుంచి మొదలుపెట్టి వేలు పెట్టి గీటుకుంటూ వెళ్ళాను. దొరికింది. ఫరో కలలో ఏడు బక్క ఆవులు. చూడ్డానికి వికారంగా, ఎముకలు తేలి, కరువు తెచ్చే ఆవులు. పుస్తకం మూసేసి టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. దేవుడి మీద కోపం వచ్చింది, చెక్ వాళ్ళ మీద కోపం వచ్చింది, ముసలి పాస్టరు మీద కోపం వచ్చింది. అందరికన్నా నా మీద నాకు అసహ్యం వేసింది.

నలిగిన రెల్లుని ప్రభువు విరవడన్న వచనం తీసుకెళ్ళి చూపించాను. ఆమె శ్రద్ధగా వింది.

"బాగుంది. కానీ ఇది రెల్లు గురించి కదా?"

పాస్టరు ఒండ్రెయ్ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన మంచివాడు, వెంటనే బయల్దేరాడు, నేనూ వెంట వెళ్ళాను. జోఫియక్క మాకు కాఫీ పెట్టింది. ఆయన నెమ్మదిగా చెప్పాడు.

"అమ్మా, పేదలంటే చేతిలో ఏమీ మిగలనివాళ్ళు. బెత్కాకి ఒంట్లో ఏం మిగిలింది చెప్పండి? ఆ మాట ఆమెకి చెందుతుంది. రాయి మీద ఉన్నది తప్పేం కాదు."

ఆమె కాఫీ కప్పు పక్కకి జరిపింది. తర్వాత నెమ్మదిగా అంది.

"మేం పేదవాళ్ళం కాదు పాస్టరుగారూ. మాకు ముప్ఫై ఎకరాలుండేవి, రెండు జతల గుర్రాలుండేవి. నా బిడ్డ పళ్ళెం ఎప్పుడూ నిండుగానే ఉండేది. ఇప్పుడు ఆ రాయి మీద పేదది అని ఉంటే, చదివినవాళ్ళు ఏమనుకుంటారు? తినడానికి లేక పోయిందనేగా? ఊరు నన్నన్నది అదే కదా? అదే మాట నేనే చెక్కించి, నా బిడ్డ తల దగ్గర నిలబెట్టి, ఇరవై ఆరేళ్ళు పూలు పెట్టాను."

నేను తొందరపడి అన్నాను.

"ఎవరూ అలా చదవరక్కా! ఊళ్ళో అందరికీ ఖుదీ అంటే సన్నమే!"

"మొన్నటిదాకా." నా వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది, కోపం లేదు. "నువ్వు ఎనిమిది మందికి చెప్పావు. ఎనిమిది మందికి చెబితే ఊరికి చెప్పినట్టే."

అది నిజం. మిలినత్త ఆ 'లావుగా ఉన్న నాకూ చోటుంది' జోకు అప్పటికే ఊరంతా చెప్పి నవ్వించింది. దాంతో పాటు అర్థం కూడా ఊరంతా తెలిసింది. నా పాఠం ఎప్పుడూ అంత బాగా వంటబట్టలేదు మా ఊరికి.

మార్చిలో మంచు కరిగింది. ఒక మంగళవారం పొద్దున మిలినత్త ఆయాసపడుతూ నా గేటు తోసుకొచ్చింది.

"టీచరమ్మా, పరిగెత్తవే! శ్మశానంలో ఉలి చప్పుడు. జోఫియా రాయి కొట్టిస్తోంది!"

ఈ వయసులో అలా పరిగెత్తగలనని నాకే తెలీదు. బురదలో ఒక చెప్పు పోయింది. పొరుగూరి నుంచి వచ్చిన పనివాడు రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. బెత్కా పేరు, రెండు తేదీలు అలాగే ఉన్నాయి. కింద వాక్యంలో ముందు మాటలు అప్పటికే పోయాయి. 'ఖుదీ' మీద ఉలి పెట్టి ఉన్నాడు. జోఫియక్క పక్కన నిలబడి, రుమాలుతో రాయి మీది పొడి తుడుస్తోంది.

"ఆపయ్యా! ఆపు!" అని అతని చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, నేను పొరబడ్డాను! పెద్ద నిఘంటువు తెప్పించి చూశాను. పాత చెక్‌లో సన్నం అనే అర్థం కూడా ఉందట. నువ్వు చదివిందే కరెక్టు! తప్పు నాది!"

అది అబద్ధం. జీవితంలో భాష విషయంలో నేనాడిన ఒకే ఒక్క అబద్ధం. మిలినత్త వెనక నిలబడి, "అవునే జోఫియా, నేనూ విన్నా, నేనూ విన్నా," అని తనకు తెలియనిదానికి సాక్ష్యం పలికింది, కళ్ళు తుడుచుకుంటూ.

జోఫియక్క నా ముఖంలోకి చూసింది.

"యుదితా, నలభై ఏళ్ళలో తప్పుకి నువ్వు రైటు కొట్టడం ఈ ఊళ్ళో ఎవరైనా చూశారా? నా కోసం మొదలుపెట్టకు."

నా చెయ్యి దానంతటదే జారిపోయింది. ఆమె పనివాడికి తలూపింది. అతను సుత్తి ఎత్తాడు. నాలుగు దెబ్బలకి ఆ మాట పోయింది. చిన్న మాటే కదా. తర్వాత అతను ఆ జాగానంతా నున్నగా అరగదీశాడు. మిలినత్త నోట్లో తలగుడ్డ చెంగు కుక్కుకుని ఏడ్చింది. జోఫియక్క ఏడవలేదు. నేను ఏడిస్తే ఆమె నా వీపు నిమిరింది. ఎవరు ఎవరిని ఓదార్చాలి? సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది నాకు.

"ఊరుకో. నీ తప్పేముంది? ఉన్నది ఉన్నట్టు చెప్పావు," అంది. తర్వాత రాయి మీద ఖాళీ అయిన జాగాని అరచేత్తో తుడిచింది. "ఇలా బోడిగా వదిలెయ్యలేను కదా. దీని మీద ఏం రాయాలో నువ్వే రాసివ్వు. మా బెత్కా నీ దగ్గర చదువుకున్న పిల్ల. ఒక్క మాట చాలు. ఎవరొచ్చి చదివినా ఇక మార్చక్కర్లేకుండా ఉండాలి."

పనివాడు పెన్సిలు ఇచ్చాడు, జేబులోంచి కాగితం ముక్క తీసి ఇచ్చాడు. సమాధి అంచు మీద కూర్చుని రాయబోయాను. 'ప్రియమైన' అని రాసి కొట్టేశాను. 'నిద్రిస్తున్నది' అని రాసి కొట్టేశాను. ఊరందరి వాక్యాల్లో తప్పులు పట్టినదాన్ని, ఆ పిల్లకి ఒక్క ఒప్పు మాట దొరకలేదు. అతనికి వేరే ఊళ్ళో పనుంది. చాలాసేపు చూసి ఉలి, సుత్తి సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ గురువారం జోఫియక్క కూటానికి వచ్చింది. ఈకల సంచితో, రొట్టె పళ్ళెంతో. అందరూ లేచి చోటిచ్చారు. ఆ తర్వాత రెండేళ్ళు ఒక్క గురువారం కూడా మానలేదు. తన వంతు వస్తే చదివేది, మాట మాటకీ ఆగి, "ఇది సరేనా?" అని నన్ను అడిగేది. ప్రార్థన వంతు వస్తే మాత్రం తల అడ్డంగా ఊపి పుస్తకాన్ని పక్కావిడకి ఇచ్చేసేది. ఆమె నోట ఇంకెప్పుడూ ప్రార్థన వినలేదు మేము. ఎంతమంది ఎన్నిసార్లు ప్రార్థించినా, ఆ ఒక్క మనిషి మౌనం ముందు నాకు మా కూటం అంతా ఉత్త మాటల్లా అనిపించేది.

కూటం ఇప్పుడు పెద్దదైంది. పదిహేడు మంది వస్తున్నారు. బైబిలు మా భాషలోది వచ్చింది, తికమక లేదు. పక్క ఊళ్ళ నుంచి వచ్చి ఎలా మొదలుపెట్టారని అడుగుతారు. ఈకలు తెచ్చుకోమనండి అని చెబుతాను. అంతకు మించి చెప్పను.

1989 శరదృతువులో జోఫియక్క మంచం పట్టింది. మూడు వారాల్లోనే మనిషి కరిగిపోయింది. నేను రోజూ వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. చెంచాతో సూప్ పట్టేదాన్ని. మింగలేకపోయినా నా కోసం మింగేది. చివరి రోజు మధ్యాహ్నం కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది.

"దొరికిందా యుదితా?"

ఏమిటని నేను అడగక్కర్లేకపోయింది. "వెతుకుతున్నానక్కా," అన్నాను.

"తొందరేం లేదులే," అంది. "సరిగ్గా ఉంటే చాలు."

సాయంత్రానికి పోయింది. బెత్కా పక్కనే పెట్టాం. ఆ రాయి మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి, నాలుగు తేదీలున్నాయి. వాటి కింద నేనింకా ఏమీ రాయించలేదు.